డిస్కౌంటే ఇవ్వని షాపుకి ఇంత రద్దీ ఎందుకు?

నమస్తే అండీ. ఆషాఢం వచ్చిందంటే హైదరాబాద్‌లో బట్టల షాపుల హడావుడి మీకు తెలిసిందే. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎక్కడ చూసినా తగ్గింపు బోర్డులే, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ! అలాంటి ఊళ్లో డిస్కౌంట్ ఊసెత్తకుండా, టీవీ ప్రకటనల జోలికి పోకుండా కాలేజీ పిల్లల్ని బిల్లింగ్ కౌంటర్ దగ్గర క్యూ కట్టించింది టాటాల బట్టల షాపు జూడియో.

దీని కథ బట్టలతో కాదు, లిప్‌స్టిక్‌తో మొదలైంది. 1952లో టాటాలు లాక్మే పెట్టారు. స్విట్జర్లాండ్‌లో పుట్టి టాటాల ఇంటి కోడలైన సిమోన్ టాటా 1961లో దాని బోర్డులోకి వచ్చి, దాన్ని ఇంటింటికీ తెలిసిన పేరుగా మార్చారు. అలాంటి బ్రాండ్‌ని 1998లో హిందుస్తాన్ లీవర్‌కి అమ్మేశారు. బంగారు బాతుని అమ్ముకోవడమేంటి అనిపిస్తుంది కదా? ఆ డబ్బు ట్రెంట్ అనే కంపెనీగా మారి, బట్టల వ్యాపారంలోకి దిగింది. బెంగళూరులో లిటిల్‌వుడ్స్ అనే బ్రిటిష్ సంస్థ షాపుని కొని, వెస్ట్‌సైడ్ అని పేరు పెట్టారు. తర్వాత సిమోన్ కొడుకు నోయెల్ టాటా పగ్గాలు పట్టారు.

అసలు కిటుకు వెస్ట్‌సైడ్‌లోనే ఉంది. ఊళ్లో ఉన్న బ్రాండ్లన్నీ తెచ్చి పెట్టకుండా, దాదాపు అంతా సొంత బ్రాండ్లే అమ్మారు. వేరేవాళ్ల సరుకు అమ్మితే రేటు వాళ్ల చేతిలో ఉంటుంది. మీది మీరే కుట్టించుకుంటే డిజైన్ మీదే, లాభం ఎంత వేసుకోవాలో కూడా మీ ఇష్టమే.

2016లో ట్రెంటే మొదలుపెట్టిన జూడియో ఇదే సూత్రాన్ని ఇంకా కింది రేటుకి దించింది. బట్టలు దాదాపు అన్నీ 999 లోపే. షాపులో తాటికాయంత అంకెలతో 199, 299, 399 అని కనిపిస్తాయి. జేబులో అయిదు వందలున్న కుర్రాడు ట్యాగ్ తిప్పి చూసుకోకుండానే లెక్క వేసుకుంటాడు. నా దృష్టిలో సగం వ్యాపారం అక్కడే అయిపోతుంది.

మరి ఆన్‌లైన్‌లో ఎందుకు అమ్మరు? 299 రూపాయల టీషర్ట్‌ని ఇంటికి పంపి, సైజు సరిపోలేదని వెనక్కి తెప్పించుకుంటే ఏం మిగులుతుంది చెప్పండి? ఆ ఖర్చేదో షాపుల మీదే పెట్టారు. చాలాచోట్ల భవనం, ఇంటీరియర్ ఖర్చు ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్లది. సరుకు, నడిపే బాధ్యత కంపెనీది. అందుకే ఇంత వేగం. 2025 మార్చి నాటికి 765 షాపులు, అందులో రెండు యూఏఈలో!

ఇంత కళ్లముందు జరుగుతుంటే పక్కవాళ్లు ఊరుకుంటారా? 2023 ఆగస్టులో రిలయన్స్ కూడా కుర్రకారు కోసమే యూస్టా మొదలుపెట్టింది. మొట్టమొదటి షాపు ఎక్కడనుకున్నారు? ముంబయి కాదు, మన కొండాపూర్ శరత్ సిటీ మాల్‌లో! అన్నీ 999 లోపే, ఎక్కువ భాగం 499 లోపే. రేటు దగ్గర ఇద్దరూ ఒకటే. కానీ యూస్టా బట్టలు రిలయన్స్ వాళ్ల ఆన్‌లైన్ షాపు అజియోలో కూడా దొరుకుతాయి. ఇంత తక్కువ రేటుకి డెలివరీ, రిటర్న్‌ల ఖర్చు ఎంతకాలం భరిస్తారన్నదే నా డౌటు.