వీఆర్ హెడ్‌సెట్ కొనాలా వద్దా: ఫ్రిజ్ మీద మా మూడు వారాల లెక్క

హాయ్ అండీ, బాగున్నారా అందరూ? ముందు ఈ వీఆర్ హెడ్‌సెట్ చూడండి, అదే, కళ్ళకి తగిలించుకుంటే వేరే లోకంలో ఉన్నట్టు బొమ్మ చూపించి ఆడించేది. దగ్గరగా పెడుతున్నా, ఫోకస్ అవ్వనివ్వండి... ఆ, ఇప్పుడు కనిపిస్తోందా? నల్ల ఫోమ్ మీద మెరూన్ చుక్క. నా బొట్టుబిళ్ళ. మొన్న ఇలాంటిదే ఇంకొకటి మా వాడి నుదుటికి చేరింది. గంటసేపు ఆడి, హెడ్‌సెట్ తీసి అన్నానికి వచ్చి కూర్చున్నాడు, పదకొండేళ్ళ మగపిల్లాడు, పేరంటానికి వచ్చినట్టు బొట్టు పెట్టుకుని. వాళ్ళ నాన్నకి నవ్వాగక పొలమారింది.

సరే, అసలు సంగతికొస్తా. ఇక్కడ అమెరికాలో, మా కొలంబస్‌లో డిసెంబర్ అంటే ఐదు దాటేసరికి చీకటి. స్కూల్ బస్సు దిగి, పాలు తాగి, బూట్లు వెతుక్కునేలోపు పొద్దు కూకిపోతుంది. అక్టోబర్ నుంచీ మా వాడిది ఒకటే పాట. "అమ్మా, ఎవ్రీవన్ హాజ్ ఇట్." ఆ ఎవ్రీవన్ ఎవరెవర్రా అని కూర్చోబెట్టి లెక్కపెడితే ముగ్గురు తేలారు. అందులో ఒకడిది పాడైపోయి అటక మీద ఉందట.

ఆ ముగ్గురిలో ఒకరు మా కమ్యూనిటీలోనే, నాలుగిళ్ళ అవతల ఉండే శ్రీకాకుళం వాళ్ళు. సెలవులకి ఇండియా వెళ్తూ, మొక్కలకి నీళ్ళు పొయ్యమని తాళంచెవి ఇచ్చి, "మూడు వారాలు ఊరికే పడుంటుంది వదినా, వాడి చూడండి" అని వాళ్ళ హెడ్‌సెట్, ఫేస్‌బుక్ వాళ్ళ కంపెనీ మెటా చేసే క్వెస్ట్ 3ఎస్, కూడా చేతిలో పెట్టారు. ఇంతకన్నా మంచి ఛాన్సు రాదనుకున్నా. అదే రోజు ఫ్రిజ్ మీద ఈ కాగితం అతికించా. ముగ్గురి పేర్లు, పక్కన తేదీలు. ఎవరు ఎన్ని నిమిషాలు వాడితే అన్ని నిమిషాలు వాళ్ళే రాయాలి. మా అమ్మ తెనాలిలో పాల లెక్క క్యాలెండర్ మీద రాసేది కదా, అచ్చం అలాగే. మూడు వారాలయ్యాక ఈ కాగితం ఏం చెబితే అది, ముందు ఏడుపులు లేవు, అలకలు లేవు అని ఒప్పందం.

ముందు డబ్బుల సంగతి, ఎందుకంటే మీలో సగం మంది అందుకే ఈ వీడియో తెరిచుంటారు. ఈ 3ఎస్ 2024 అక్టోబర్‌లో వచ్చినప్పుడు 128 జీబీది 299.99 డాలర్లు. అంతకు ఏడాది ముందొచ్చిన క్వెస్ట్ 3 అప్పట్లో 499.99. సోనీది ప్లేస్టేషన్ వీఆర్ 2 ఉంది కానీ దానికి పీఎస్5 గేమ్ కన్సోల్ గానీ, అడాప్టర్ పెట్టిన గేమింగ్ కంప్యూటర్ గానీ కావాలి, పైగా తలకి తోకలా కేబుల్. యాపిల్ విజన్ ప్రో 3,499 డాలర్లకి మొదలు. దాని డెమో ఈస్టన్ మాల్‌లో ఉచితంగా ఇస్తారు, వెళ్ళి చూసొచ్చాం. బొమ్మ అద్భుతం, అందులో అబద్ధం లేదు. కానీ ఆ డబ్బుతో మా ముగ్గురికీ సమ్మర్‌లో హైదరాబాద్ టికెట్లలో చాలా వరకు వచ్చేస్తాయి. దాని గురించి ఇంతే.

అయితే ఆ 299 దగ్గరే లెక్క ఆగుతుందనుకోకండి. పెట్టెలో వచ్చే మెత్తటి గుడ్డ పట్టీతో అరగంట గడిచేసరికి అరకిలోకి పైనున్న బరువంతా బుగ్గల మీద కూర్చుంటుంది. వెనకాల గట్టి పట్టీ విడిగా కొనాలి. ఆటలు పది డాలర్ల నుంచి ముప్పై దాకా. కళ్ళజోడు ఉంటే లెన్స్‌లు విడిగా. సేల్స్ టాక్స్ సరేసరి. నేను కాగితం వెనక వేసిన కూడిక నాలుగు వందల యాభై దాటింది. పదకొండేళ్ళయింది నేనిక్కడికొచ్చి, ఇంకా రూపాయల్లోకి మార్చుకునే జబ్బు పోలేదు, మార్చాక కాసేపు మాట్లాడలేదు. ఒక్కటి మాత్రం బాగుంది: కొన్న ఆట నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, డబ్బులు వెనక్కిస్తారు. అందుకని ఏ ఆటయినా కొన్న రోజే కూర్చుని చూసెయ్యాలి. "తర్వాత చూద్దాంలే" అంటే అది మనదే.

కళ్ళజోడు అన్నా కదా. నాది మైనస్ నాలుగు. జోడుతో సహా తల దూర్చొచ్చు, లోపల ఖాళీ కొంచెం పెంచుకునే వీలుంది, కానీ తీసేటప్పుడు జోడు లోపలే ఉండిపోతుంది. లోపలి లెన్స్ మీద జోడు రాసుకుంటే గీత పడుతుంది, అది మళ్ళీ పోదు. వాళ్ళ వస్తువు కాబట్టి నేను ఊపిరి బిగబట్టి పెట్టుకునేదాన్ని. ఇంకోటి, రెండు కంటిపాపల మధ్య దూరం అని ఒకటుంటుంది, మీ కళ్ళ డాక్టర్‌ని అడిగితే కొలిచి చెప్తారు. నాది 61 మిల్లీమీటర్లు, మా ఆయనది 67. ఈ 3ఎస్‌లో 58, 63, 68 అని మూడే మెట్లు. ఆయన వాడాక నేను పెట్టుకుంటే ఆరు అంకె ఎనిమిదిలా కనపడేది. ఇది పాడైపోయిందేమో, ఆ శ్రీకాకుళం వాళ్ళకి ఏం చెప్పాలో అని రెండు రోజులు భయపడ్డా. చివరికి చూస్తే లెన్స్‌ని వేలితో పక్కకి జరపాలి, అంతే. క్వెస్ట్ 3లో అయితే చిన్న చక్రం ఉంటుంది, తిప్పి ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ఇంట్లో ముగ్గురూ వాడేదయితే దానికి ఎక్కువ డబ్బు పెట్టడానికి నా దృష్టిలో ఇదొక్కటే గట్టి కారణం.

జడ సంగతి ఏ రివ్యూలోనూ ఎవరూ చెప్పరు, నేను చెప్తా. వెనక పట్టీ రెండుగా చీలి ఉంటుంది, జడ ఆ సందులోంచి తీసుకోవచ్చు. ముడి వేసుకుంటే మాత్రం పట్టీ పైకి జారి హెడ్‌సెట్ ముక్కు మీదకి వస్తుంది. ఆదివారం తలకి నూనె పెట్టుకుని దీని జోలికి వెళ్ళకండి. ఫోమ్ నూనె తాగేస్తుంది. తడి గుడ్డతో ఎంత తుడిచినా పారాషూట్ వాసన పోక, పైన సిలికాన్ తొడుగు కొని వేశాను. వాళ్ళకి తిరిగిచ్చేటప్పుడు అదీ ఇచ్చేస్తాలెండి.

ఇక మా ఆయన. ఈయనకి మొదటి రోజే ఐబీ క్రికెట్ దొరికింది. ప్రోయుగ అని మన హైదరాబాద్ కంపెనీ చేసిన ఆట. అది మన హైదరాబాద్ వాళ్ళదని తెలిసిందగ్గర్నుంచి ఆడటం దేశసేవ అయిపోయింది. చేతిలో పట్టుకునే కంట్రోలరే బ్యాట్ అన్నమాట, బౌలర్ నిజంగా మన మీదకే పరిగెత్తుకొస్తాడు. పడగ్గదిలో మొదలెట్టారు. రెండో ఓవర్లో పుల్ షాట్ కొట్టబోతే ఫ్యాన్ రెక్కకి తగిలింది కంట్రోలర్. ఫ్యాన్ ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. అటూ ఇటూ కదులుతూ ఆడటానికి రెండు మీటర్లు ఇంటూ రెండు మీటర్లు ఖాళీ ఉండాలంటారు. వినడానికి ఎంతో కాదనిపిస్తుంది. మన ఇళ్ళలో సోఫా, పూజ అల్మరా, ఇండియా నుంచి వచ్చిన సూట్‌కేసులు తీసేశాక ఆ ఖాళీ ఎక్కడుందో టేప్ పెట్టి కొలవండి. మాకు బేస్‌మెంట్‌లో దొరికింది, అదీ బియ్యం బస్తాలు గోడకి జరిపాక. ఆటకి ముందు హెడ్‌సెట్‌లో మన చుట్టూ గీసుకున్న హద్దు గీత దగ్గరికి వస్తే కళ్ళ ముందు గళ్ళ గోడ లేస్తుంది, నిజమే. కానీ మా ఆయన ఫాలో త్రూ ఆ గోడ లేచేలోపే అయిపోతుంది.

టేబుల్ టెన్నిస్ రోజు ఇంకా గొప్ప. బంతి చప్పుడు, స్పిన్ అంతా ఎంత నిజంలా ఉంటుందంటే, గేమ్ గెలిచాక ఆయాసపడుతూ ఈయన టేబుల్ మీద చెయ్యి ఆనించబోయారు. టేబుల్ లేదు కదా. మోకాళ్ళ మీద పడ్డారు. నేను పరిగెత్తుకెళ్తే, కింద కూర్చునే "స్కోరెంత?" అంటున్నారు.

నాకు మొదటి దెబ్బ రోలర్ కోస్టర్. మా వాడు "అమ్మా, జస్ట్ టూ మినిట్స్" అని పెట్టించాడు. తిరుమల ఘాట్ రోడ్డులో నిమ్మకాయ పట్టుకుని కిటికీ పక్కన కూర్చునే బ్యాచ్ నేను. బస్సులో ఏమవుతుంది? చెవి లోపలి భాగానికి మలుపు తెలుస్తుంది, ముందు సీటు చూస్తున్న కళ్ళకి తెలీదు. ఇక్కడ తిరగేసి. కళ్ళు లోయలోకి దూకుతుంటాయి, చెవులేమో బేస్‌మెంట్‌లోనే నిలబడి ఉంటాయి. రెంటికీ పొంతన కుదరక కడుపు తిప్పుతుంది. ఆ రాత్రి నాకు చారన్నం కూడా దిగలేదు. తర్వాత తెలిసింది, ఆటలు కొనే స్టోర్‌లో చాలా ఆటలకి కంఫర్టబుల్, మోడరేట్, ఇంటెన్స్ అని రాసి ఉంటుంది. నేను మొదటి దాంట్లోంచి కదలను. మనం నడిస్తేనే కదిలే ఆటలు, ఉన్నచోట నిలబడి ఆడేవి, వాటితో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. వికారం మొదలవగానే తీసెయ్యాలి, పంతానికి పోయి ఆడితే అలవాటవుతుందన్నది నా విషయంలో నిజం కాలేదు.

మా వాడికి పదకొండేళ్ళు కాబట్టి అకౌంట్ మా చేతిలో ఉంటుంది. మొదట్లో పదమూడేళ్ళ లోపు పిల్లలకి అసలు ఉండేది కాదు, 2023లో పదేళ్ళకి తగ్గించారు, అదీ తల్లో తండ్రో నడిపే అకౌంట్‌తో. ఏ ఆట దించుకున్నా నా ఫోన్‌కి అనుమతి అడుగుతుంది. వాడికి కావలసింది గొరిల్లా ట్యాగ్. కాళ్ళు లేని గొరిల్లాలు చేతులతో నేలని తోసుకుంటూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఆట ఫ్రీ, గొరిల్లాకి టోపీ డబ్బులు. ఒకసారి నేను పెట్టుకుని లోపలికి వెళ్ళి విన్నా. సంతలా ఉంది, ఎవరి పిల్లలో ఏమో గోల. వాడి అకౌంట్‌లో వాయిస్ చాట్ ఆపేసి ఆడుకోమన్నా. నాలుగు రోజులు అలిగాడు, అయిదో రోజు మర్చిపోయాడు.

ఇప్పుడు ఈ కాగితం దగ్గరికి రండి. మా వాడి వరస చూడండి. మొదటి వారం నాలుగు వందల ఇరవై నిమిషాలు. రెండో వారం నూట తొంభై. మూడో వారం... ముప్పై అయిదు. ఏమయింది అంటే, వాడి ఫ్రెండ్స్ ఇద్దరు ఇంటికొచ్చారు. ఒకడు లోపల, మిగతా ఇద్దరు సోఫాలో వాడి వంతు ఎప్పుడైపోతుందా అని. టీవీలోకి కాస్ట్ చేసి పెట్టా, లోపలున్నవాడు ఏం చూస్తున్నాడో వీళ్ళకీ కనిపించేలా. పది నిమిషాలు చూశారు. తర్వాత గిన్నెల మూతలు పట్టుకెళ్ళి మంచులో జారుకుంటూ ఆడుకున్నారు, నా ఇడ్లీ కుక్కర్ మూతతో సహా. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే వాడికి అది కావాలి. మనిషి కనపడితే అక్కర్లేదు.

ఈయనది మొదటి వారం మూడు వందలు, తర్వాత మోకాలికి జండూబామ్, తర్వాత సున్నా.

మూడో వరస నాది, రోజువారీ చదువుతా. ఇరవై, ఇరవై, సున్నా, ఇరవై అయిదు, ఇరవై. మళ్ళీ ఇరవై. ఒక్క వారం కూడా తగ్గలేదు. నేను ఆడేది బాక్సింగ్ అండీ. ఎదురుగా ఒకడు గ్లోవ్స్ వేసుకుని నిలబడతాడు, వాణ్ణి కొట్టాలి, వాడు కొడితే తప్పుకోవాలి. మూడు నిమిషాల రౌండ్ అయ్యేసరికి చేతులు పైకి లేవవు. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి గిన్నెలన్నీ డిష్‌వాషర్‌లో పడేసి, ఇండియా టీమ్‌తో కాల్ మొదలయ్యేలోపు ఆ ఇరవై నిమిషాలు బేస్‌మెంట్‌లో. జిమ్‌కి కట్టిన డబ్బులున్నాయి, కారు మీద మంచు గీకి వెళ్ళే ఓపిక లేదు. నవంబర్ నుంచి నేను జిమ్ ముఖం చూడలేదు, అదీ ఒప్పుకుంటున్నా.

ఇంకో మాట, భయం ఒకటి ఉంది. మెటాలో ఈ హెడ్‌సెట్లు చేసే విభాగం 2024లో ఒక్క ఏడాదే 1,770 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. 2019లో వచ్చిన మొదటి క్వెస్ట్‌కి 2023లోనే కొత్త ఫీచర్లు ఆపేశారు. అంటే ఇది మా పెళ్ళినాటి మిక్సీ కాదు, ఇరవై ఏళ్ళు తిరగడానికి. మూడేళ్ళు అనుకుని కొనాలి, ఆటలు మరీ ఎక్కువ పోగెయ్యకూడదు. ఇంకా, దీన్ని కిటికీ దగ్గర వదలకండి. లెన్స్ మీద ఎండ పడితే, భూతద్దంతో కాగితం కాల్చేవాళ్ళం చూడండి చిన్నప్పుడు, అదే జరుగుతుంది లోపలి స్క్రీన్‌కి, మచ్చ శాశ్వతం. మేం ఆడగానే పాత కుక్కర్ డబ్బాలో పెట్టి మూసేస్తున్నాం. వాళ్ళిచ్చిన కేస్ ఎక్కడో పోగొట్టాడు మా వాడు, అది వెతకాలి.

నిన్న రాత్రి నేనూ మా ఆయనా ఈ కాగితం ముందు నిలబడ్డాం. వాడి కోసమైతే వద్దు, అది తేలిపోయింది. ఈయన కోసమైతే అసలే వద్దు. నా ఒక్కదాని కోసం 3ఎస్ చాలు, 61కి 63 మెట్టు సరిపోతోంది. కంపెనీ వాళ్ళే బాగుచేసి అమ్మే రీఫర్బిష్డ్ తీసుకుందామనుకున్నాం. జిమ్ కాన్సిల్ చెయ్యమని పొద్దున్నే మెయిల్ పెట్టేశా.

"మరి వాడికేం చెప్దాం?" అన్నారు ఈయన.

"అమ్మది, అడిగి తీసుకోమని చెప్పండి."

పెట్టె వచ్చాక ఓపెన్ చేసేటప్పుడు కెమెరా పెడతా. ఇప్పుడు మాత్రం వెళ్ళాలి, శ్రీకాకుళం వాళ్ళ ఫ్లైట్ ఎల్లుండి దిగుతుంది, వాళ్ళింట్లో కరివేపాకు మొక్క ఒక్కటి ఆకులు రాలుస్తోంది, దాని సంగతి చూడాలి. ఉంటానండి.