రంగు ముందు, దారం తర్వాత

అందరికీ నమస్కారం.

మన తెలుగు నేల మీద రంగు ఏ దశలో పడుతుందో గమనించారా? కలంకారీలో బట్ట నేశాక పడుతుంది. పోచంపల్లిలో నూలుకు చిటికీలు, అంటే రంగు అంటకుండా అక్కడక్కడ బిగించే కట్లు, కట్టి, నేతకు ముందు అద్దుతారు. దూదికో, ఉన్నికో రంగు వేసి ఆ తర్వాత వడకడం మాత్రం మన దగ్గర అరుదు. దానికి కాస్త దగ్గరగా వచ్చేది గొంగడి. అక్కడ రంగు గొర్రె ఒంటి మీదే ఉంటుంది. నల్లదీ గోధుమదీ తెల్లదీ ఏరి, దేనికది వడుకుతారు.

ఆ తొలి దశలోనే మనం రంగు వేసి చూద్దాం అంటాను. ఎందుకంటే వడికిన నూలుని ఒకే తొట్టిలో ముంచితే పొడవునా ఒకే రంగు వస్తుంది. ఎర్ర పోచలు, పసుపు పోచలు కలిపి పురి ఎక్కిస్తే దూరానికి నారింజ, దగ్గరికొస్తే రెండు రంగులూ విడివిడిగా కనిపిస్తాయి. ఆ నారింజ ఏ అద్దకం తొట్టిలోనూ దొరకదు.

మొదట ఉన్నితో చేయండి. పత్తి పింజ పొడవు సుమారు 3 సెంటీమీటర్లే. పైగా రంగునీళ్లలో ఉడికిన దూది గడ్డకడుతుంది, మళ్లీ ఏకి ఏకులు చుట్టాలి. ఉన్ని పోచ అంతకంటే బాగా పొడుగు, కొత్త చేతికి అంత తేలిగ్గా తెగదు.

జిడ్డు పోయేలా కడిగిన 100 గ్రాముల ఉన్నికి 15 గ్రాముల పటిక వేసి, సన్న సెగ మీద గంటసేపు ఉంచండి. తర్వాత ఎరుపుకి మంజిష్ఠ వేరు, పసుపుకి బంతిపూలో దానిమ్మ తొక్కలో. వంటింటి పసుపు వద్దు, ఎండకు వెలిసిపోతుంది. ఆ గిన్నెలో మళ్లీ వంట చేయకండి.

అన్నిటికంటే ముఖ్యం, ఉన్నిని పిసక్కండి. పోచ మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడినీళ్లలోంచి తీసి చన్నీళ్లలో ముంచినా, గట్టిగా రుద్దినా అవి ఒకదాన్నొకటి పట్టేసుకుని ఉన్ని ముద్దవుతుంది. ఆ ముద్ద ఇక వడకడానికి రాదు. గిన్నెలోనే చల్లారనివ్వండి, టెన్షన్ ఉండదు.

రాట్నం కొనాల్సిన పని లేదు. బడిలో తిప్పిన తకిలి పత్తికి సరిపోతుంది. ఉన్నికి కొంచెం బరువైన కదురు కావాలి. పుల్లకు చెక్క బిళ్ల గుచ్చుకున్నా చాలు. ఆరిన రంగు ఉన్నిని ఏకి, రంగులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా పొడుగు పట్టీగా పరచండి. ఆ పట్టీని నిలువుగా సన్నగా చీల్చితే దారంలో రంగులు వెంటవెంటనే మారతాయి. చీల్చకపోతే ఒక్కో రంగు చాలా దూరం సాగుతుంది. రెండు దారాలు కలిపి పేటలు వేసేటప్పుడు పురి వడికిన దిక్కుకు ఎదురుగా తిప్పాలి. అప్పుడు రంగులు చారలు చారలుగా చుట్టుకుంటాయి. నాకు ఆ చారలంటే చాలా ఇష్టం. ఏ రంగుకా రంగు నిలవాలంటే ఒకే దారాన్ని గొలుసులా మడుస్తూ మూడు పేటలు చేయండి. చివర్లో దారాన్ని చిలపగా, అంటే వదులు చుట్టగా చుట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఆరేస్తే పురి కుదురుకుంటుంది.

ఉన్ని ఎక్కడిదంటారా? తెలంగాణలో దక్కనీ గొర్రెల ఉన్ని కొనేవాళ్లు లేక పారేస్తున్న కాపరులున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. అది మెత్తటిది కాదు, మెడకు గుచ్చుకుంటుంది. కానీ ఆసనానికి, సంచికి, చాపకి దాని గట్టిదనమే కావాలి. ధర ఇచ్చి వాళ్ల దగ్గరే కొనండి. నల్లదాని మీద రంగు కనపడదు, తెల్లది ఏరుకోండి. దొరక్కపోతే బూడిదరంగుదైనా సరే, మంజిష్ఠ దాని మీద ముదురుగా దిగుతుంది.