గూడు కింద ఓ అట్టముక్క

అధ్యక్షులు గారికీ, వేదిక మీది పెద్దలకీ, ఎండలో కాకుండా చెట్టు కింద సభ పెట్టినందుకు హెడ్మాస్టరు గారికీ నమస్కారాలు. ఇంకా పేర్లు చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి.

నాకిచ్చిన అంశం 'వానకోయిల - మనుషుల సంస్కృతి'. సరే, అలాగే మొదలుపెడతాను. పిల్లలూ, గేటు బయట కరెంటు తీగ మీద చూడండి. నీలం వీపు, ఎర్రటి గొంతు, చీలిన తోక. బరువు 20 గ్రాముల దగ్గర ఉంటుంది, అంతే. ఇవి హిమాలయాల నుంచీ, ఇంకా ఉత్తరాన ఉన్న దేశాల నుంచీ చలికాలం గడపడానికి వస్తాయి, మన ఊళ్లలో గూడు పెట్టవు. పెట్టేది వీటి చుట్టం, నడుం మీద ఇటుక రంగు ఉంటుంది. ఆడా మగా రెండూ తడిమట్టి ముక్కున కరుచుకొచ్చి, ఉండ మీద ఉండ అతికించి, స్లాబు కింద కూజాని పడుకోబెట్టినట్టు కడతాయి. ఎన్ని వందల ఉండలో!

ఆ గూటి సంగతే నేను చెప్పాలని వచ్చింది. మొన్న ఆగస్టులో ఒక ఆఫీసులో, పేరు చెప్పను, మీలో సగం మందికి తెలుసు, జెండా పండక్కి రంగులు వేయిస్తూ పోర్టికోలో ఉన్న రెండు గూళ్లనీ కర్రతో రాల్చేశారు. లోపల ఈకలు రాని పిల్లలు. అంతకు ముందురోజే వెళ్లి, మూడు వారాలు ఆగండయ్యా, ఎగిరిపోతాయి అని బతిమాలాను. మేస్త్రీ పాపం సరేనన్నాడు. పై ఆయన మాత్రం "రెట్టలు పడుతున్నాయండీ, ఫైళ్లు పాడవుతున్నాయి" అన్నారు. పోర్టికోలో ఫైళ్లేమిటండీ! అడిగాను కూడా. జవాబు లేదు.

జపాన్‌లో కొట్టు చూరు కింద వానకోయిల గూడు పెడితే వ్యాపారం కలిసొస్తుందని సంబరపడతారు. 1930లో టోక్యో నుంచి కోబే దాకా వేసిన సూపర్ ఎక్స్‌ప్రెస్ రైలుకి 'త్సుబామే' అని దీని పేరే పెట్టుకున్నారు. రెట్టలు అక్కడా పడతాయి. గూడు కింద ఓ అట్టముక్కో చెక్కో బిగిస్తారు, లేకపోతే గొడుగు తిరగేసి కడతారు. టెండరు అక్కర్లేదు, శాంక్షన్ అక్కర్లేదు.

కొరియాలో ఒక కథ ఉంది, పిల్లలూ వినండి. హుంగ్బు అనే పేద తమ్ముడు కాలు విరిగిన వానకోయిలకి కట్టు కట్టాడు. మరుసటి వసంతంలో అది సొరవిత్తనం తెచ్చిచ్చింది. కాసిన కాయలు కోస్తే అన్నీ ధనరాశులే. డబ్బున్న అన్న నోల్బు అది చూసి, కావాలనే ఒక పిట్ట కాలు విరిచి, తనే కట్టు కట్టాడు. అతని కాయల్లోంచి దయ్యాలొచ్చాయి. నవ్వుతున్నారా? గూళ్లు రాల్చిన ఆ ఆఫీసు గోడకే ఈ వారం వన్యప్రాణి వారోత్సవాల బ్యానరు కట్టారు, వెళ్లి చూడండి.

టైమ్ అయిందని చీటీ పంపారు, అయిపోయింది. మన బడి వరండా చివర కూడా ఒక గూడుంది. ఇప్పుడు ఖాళీగానే ఉంది, కానీ ఇవి పాత గూటికే మళ్లీ వస్తుంటాయి. సెలవుల్లో వెల్ల వేయిస్తారని విన్నాను. హెడ్మాస్టరు గారూ, తల ఊపితే చాలదండీ, మేస్త్రీ అదిగో మూడో వరసలోనే కూర్చున్నాడు, ఆ మూల వదిలేయమని ఈ మైకులోనే చెప్పండి. అట్టముక్క నేను తెస్తాను.