హెన్రీ స్ట్రీట్ నర్సమ్మ

అందరికీ నమస్కారం. నర్సింగ్ చదివే పిల్లలకు నైటింగేల్ గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది. నేను ఈ పూట లిలియన్ వాల్డ్ గురించి మాట్లాడతాను.

ఆవిడ 1867లో అమెరికాలోని సిన్సినాటిలో, కలిగిన యూదు కుటుంబంలో పుట్టారు. కాలు కింద పెట్టకుండా బతికే వీలున్నా నర్సింగ్‌లో చేరారు. 1893 మార్చిలో న్యూయార్క్‌ లోయర్ ఈస్ట్ సైడ్‌లో, తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదులు కిక్కిరిసి బతికే పేటలో, ఆడవాళ్లకు ఇంట్లో రోగిని చూసుకోవడం నేర్పుతున్నారు. ఆ రోజు పాఠం, మంచం మీద పక్క సరిగ్గా వేయడం. ఓ చిన్నపిల్ల వచ్చి అమ్మకు బాగాలేదంది. వానలో ఆ పిల్ల వెంట నడిచి, లడ్లో స్ట్రీట్‌లో జారుడు మెట్లెక్కి వెళ్తే, రెండు గదుల్లో ఏడుగురి కుటుంబం, పైగా అద్దెకున్నవాళ్లు. బాలింతకు రక్తస్రావమై రెండు రోజులైంది. అదే పక్క మీద పడి ఉంది. వాల్డ్ ఆమెను కడిగి, పక్క మార్చి, గది శుభ్రం చేశారు. వచ్చేటప్పుడు ఇంటివాళ్లు ఆవిడ చేతులు ముద్దు పెట్టుకున్నారు.

అయ్యో పాపం అనుకుని ఇంటికి పోతే ఈ ప్రసంగమే ఉండేది కాదు. తోటి నర్సు మేరీ బ్రూస్టర్‌తో కలిసి ఆవిడ ఆ పేటలోనే కాపురం పెట్టారు. డబ్బు బ్యాంకర్ జేకబ్ షిఫ్ ఇచ్చారు, ఆయనా యూదుడే. 1895లో హెన్రీ స్ట్రీట్ 265 నంబరు ఇల్లు కొనిచ్చింది కూడా ఆయనే. కానీ అక్కడి నుంచి ఇళ్లకు వెళ్లి సేవ చేసే నర్సులు రోగిది ఏ మతమని అడగలేదు. ఇచ్చుకోగలిగినవాళ్ల దగ్గర కొద్దిపాటి రుసుము తీసుకునేవారు, లేనివాళ్లకు ఉచితం. నాకు ఈ రుసుము పద్ధతే బాగా నచ్చుతుంది. చేయి చాచానన్న చిన్నతనం రోగికి ఉండదు.

ఆవిడ తీరే అంత. ఒక ఇంట్లో చూసింది ఊరందరి సమస్యగా మార్చేవారు. తల మీద పుండ్లున్నాయని పన్నెండేళ్ల కుర్రాణ్ణి ఒకణ్ణి బడికి రానివ్వలేదు. మందు రాసి నయం చేసి బడికి పంపారు. ఇలాంటివాళ్లు బడి బడికీ ఉన్నారు. డాక్టర్లు పరీక్షించి ఇంటికి తోలేవారే గాని, ఆ తర్వాత వాళ్లను చూసే దిక్కు లేదు. 1902లో తన నర్సు లీనా రోజర్స్‌ను నెల రోజులు ప్రయోగంగా నాలుగు బళ్లకు పంపారు. పిల్లలు మళ్లీ బడికి రావడం మొదలయ్యేసరికి నగరం తన ఖర్చుతో స్కూల్ నర్సులను నియమించింది.

పత్తిని తినే ముక్కుపురుగు సంగతి చూడ్డానికి వ్యవసాయ మంత్రి అమెరికా దక్షిణాదికి బయల్దేరాడని ఒకరోజు పేపర్లో చదివారు. పత్తికి అక్కర చూపే ప్రభుత్వం పిల్లలకెందుకు చూపదన్నారు. కార్మికుల, పిల్లల హక్కుల కోసం పోరాడే ఫ్లోరెన్స్ కెల్లీతో కలిసి ఏళ్ల తరబడి పట్టుబడితే, 1912లో కేంద్రంలో బాలల విభాగం ఏర్పడింది.

1909లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి జరుపుకున్న హక్కుల సదస్సు ప్రతినిధులకు ఆతిథ్యం ఇచ్చింది కూడా హెన్రీ స్ట్రీట్ ఇంట్లోనే. ఆనాటి న్యూయార్క్‌లో అది చిన్న సాహసం కాదు.

అందరి మెప్పూ పొందారా అంటే, లేదు. మొదటి ప్రపంచయుద్ధంలోకి అమెరికా దిగకూడదని గట్టిగా నిలబడ్డారు. చందాలిచ్చే పెద్దల్లో కొందరు ముఖం చాటేశారు. న్యూయార్క్ నగరం 1918లో ఇన్‌ఫ్లుయెంజాతో అల్లాడినప్పుడు నర్సులను సమకూర్చే అత్యవసర మండలికి అధ్యక్షురాలిగా ఆవిడే నిలబడ్డారు. 1933లో హెన్రీ స్ట్రీట్ సంస్థ సారథ్యం వదిలారు, 1940లో కన్నుమూశారు. ఆ ఇంటి నుంచి సేవ మాత్రం ఇంకా నడుస్తోంది.

స్కూల్ నర్సుల సంగతి క్లుప్తంగా చెప్పాను. అడగాల్సినవి ఉంటే ఇప్పుడు అడగండి.