షుగర్ లేకపోయినా షుగర్ బిళ్ల ఎందుకు?

శ్రోతలకు నమస్కారం. నెలసరి సరిగా రాని అమ్మాయికి డాక్టరు మెట్‌ఫార్మిన్ రాస్తే, "మా పిల్లకి షుగర్ లేదు కదా, ఈ బిళ్ల ఎందుకండీ?" అని తల్లులు అడుగుతారు. తప్పకుండా అడగవలసిన ప్రశ్నే.

అండాశయాల్లో హార్మోన్ల తేడా వచ్చి నెలసరి తప్పే సమస్యను పీసీఓఎస్ అంటారు. అది ఉన్న చాలామందిలో కండరాలు, కాలేయం ఇన్సులిన్‌కి సరిగా లొంగవు. ఆ లోటు పూడ్చడానికి క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. అందుకే పరీక్షలో షుగర్ మామూలుగానే రావచ్చు. ఎక్కువైన ఇన్సులిన్ మాత్రం అండాశయాల చేత పురుష హార్మోన్లు ఎక్కువగా చేయిస్తుంది. దాంతో అండం పూర్తిగా ఎదగదు, నెలసరి తప్పుతుంది, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి. చాలామందికి మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారుతుంది. అది మురికి కాదు. దయచేసి పిల్లల మెడలు అదేపనిగా రుద్దకండి.

మెట్‌ఫార్మిన్ కాలేయం విడుదల చేసే చక్కెరను తగ్గిస్తుంది, ఇన్సులిన్ అవసరాన్నీ తగ్గిస్తుంది. ఇదొక్కటే వాడితే షుగర్ పడిపోయి కళ్లు తిరగడం చాలా అరుదు.

మందు మానేసేవాళ్లు ఎక్కువగా మొదటి వారాల్లోనే మానేస్తారు. వికారం, విరేచనాలు, నోట్లో ఇనుము రుచి. చాలాసార్లు ఇవి మోతాదు ఒక్కసారిగా ఎక్కువ కావడం వల్లే వస్తాయి. మామూలుగా రాత్రి భోజనంతో 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి మొదలుపెడతారు. కడుపు అలవాటుపడ్డాక, వారానికో రెండు వారాలకో మరో 500 పెంచుతూ రోజుకు మొత్తం 1500 నుంచి 2000 మిల్లీగ్రాముల వరకు తీసుకెళ్తారు. ఖాళీ కడుపుతో వేసుకోవద్దు. అయినా పడకపోతే, నెమ్మదిగా కరిగే రకం అడగండి. పేరు పక్కన ఎస్.ఆర్. అనో ఎక్స్.ఆర్. అనో ఉంటుంది. దాన్ని నమలకూడదు, నూరకూడదు. మలంలో బిళ్ల గుల్ల కనిపించినా కంగారు వద్దు, మందు అప్పటికే ఒంటికి పట్టింది.

ఇక మన శ్రీకాకుళం జిల్లాలో మరీ ముఖ్యమైన మాట. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు చెప్పక్కర్లేదు. మెట్‌ఫార్మిన్ బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కాబట్టి మొదటి బిళ్లకు ముందే రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి. దాని నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె, 30 కంటే తక్కువుంటే ఈ మందు వాడకూడదు. 30కీ 45కీ మధ్య ఉంటే కొత్తగా మొదలుపెట్టరు. పక్కింటి అమ్మాయికి పనిచేసిందని చీటీ లేకుండా కొనడం ఇక్కడ మరీ ప్రమాదం. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు బిళ్ల ఆపి వెంటనే డాక్టరుకు చెప్పాలి. లేకపోతే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకోవచ్చు. అరుదే, కానీ ప్రాణాంతకం. రంగుమందు ఎక్కించే స్కాన్ ఉన్నా ముందే చెప్పండి.

ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అవాంఛిత రోమాలు దీనితో పెద్దగా తగ్గవు. బరువు ఎక్కువున్నవాళ్లు అన్నం తగ్గించి, కూర, పప్పు పెంచి, రోజూ నడవాలి. 5 శాతం బరువు తగ్గినా నెలసరి మెరుగుపడవచ్చు. మందు వాడుతున్నా 90 రోజులు దాటి నెలసరి రాకపోతే ఊరుకోవద్దు, గర్భసంచి లోపలి పొర మందమవుతుంది.

పెళ్లైనవాళ్లకు ఒక హెచ్చరిక. నెలసరి కనిపించకముందే అండం విడుదల మొదలుకావచ్చు. అప్పుడే బిడ్డ వద్దనుకుంటే జాగ్రత్త పడండి. కావాలనుకుంటే డాక్టరుకు చెప్పండి, అండం విడుదలకు సాధారణంగా ముందు లెట్రోజోల్ రాస్తారు.

ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో విటమిన్ బి12 తగ్గవచ్చు. అరికాళ్లలో తిమ్మిర్లు, విపరీతమైన నీరసం ఉంటే ఆ రక్తపరీక్ష అడిగి చేయించుకోండి.