టాప్ లోడ్ మెషిన్ దడదడలాడితే బేరింగే పోయిందా? ముందు ఇవి చూడండి

నమస్తే అండి. వాషింగ్ మెషిన్ సౌండ్ చేస్తోంది అని చెప్పడం ఆలస్యం, "బేరింగ్ పోయింది సార్" అనేస్తారు చూడండి, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మూత కూడా ఎత్తకుండా ఎలా చెప్తారండీ? బేరింగ్ పోదని కాదు, పోతుంది, కానీ దడదడ సౌండ్‌కి అది ఆఖర్న చూడాల్సింది. దానికంటే ముందు చూడాల్సినవి బోలెడున్నాయి, వాటిలో సగానికి స్పానర్ కూడా అక్కర్లేదు.

సౌండ్ ఎలా ఉందీ అని కాదు, ఎప్పుడు వస్తోందీ అని చూడండి ముందు. ఉతికేటప్పుడా, నీళ్ళు పోయేటప్పుడా, స్పిన్‌లోనా? ఎక్కువమంది స్పిన్ గురించే అడుగుతారు కాబట్టి అక్కడ మొదలుపెడదాం.

[మూత తెరిచి, టబ్ అంచు మీద చెయ్యి వేసి కదుపుతూ]

ఇదిగో, చూడండి ఎలా కదులుతోందో. ఈ టబ్ కింద దేని మీదా కూర్చోలేదు, వేలాడుతోంది. బాడీ నాలుగు మూలల నుంచి నాలుగు సస్పెన్షన్ రాడ్లు దిగి దీన్ని పట్టుకుని ఉంటాయి, ఒక్కోదాని చివర ఒక స్ప్రింగు, ఒక ప్లాస్టిక్ కప్పు. ఇంట్లో నాలుగు గొలుసులకి ఉయ్యాల బల్ల వేలాడదీస్తాం కదా, అచ్చం అదే. ఇప్పుడు ఆ బల్లకి ఒక చివరే ఇద్దరు కూర్చున్నారనుకోండి, ఒరుగుతుంది కదా. తడిసిన దుప్పటి ముద్దయిపోయి టబ్‌లో ఒక పక్కకి చేరితే జరిగేది అదే, కాకపోతే ఇక్కడ లోపలి డ్రమ్ము నిమిషానికి సుమారు 700 చుట్లు తిరుగుతోంది, అందుకని టబ్ వెళ్ళి బాడీకి దడ్ దడ్ దడ్ అని కొట్టుకుంటుంది. మెషిన్ ఆపి, దుప్పటి విడదీసి చుట్టూ సమానంగా సర్ది, మళ్ళీ స్పిన్ పెట్టండి. ఒక్క దుప్పటే వేసే బదులు రెండు టవల్స్ తోడు వేస్తే బరువు సర్దుకుంటుంది.

రెయిన్‌కోట్లు, పరుపు మీద వేసే వాటర్‌ప్రూఫ్ కవర్లు మాత్రం స్పిన్‌లో వేయకండి, దయచేసి. నీళ్ళు బయటికి పోలేక మడతల్లో నిలిచిపోయి, స్పీడు అందుకున్నాక ఒక్కసారిగా పక్కకి జారతాయి. ఊగడమే కదా అని తేలిగ్గా తీసుకునేది కాదండి ఇది, 2016 నవంబర్‌లో అమెరికాలో శాంసంగ్ దాదాపు 28 లక్షల టాప్ లోడ్ మెషిన్లు రీకాల్ చేసింది, డ్రమ్ము బ్యాలెన్స్ తప్పి విపరీతంగా ఊగి మెషిన్ పైభాగమే ఊడొచ్చే ప్రమాదం ఉందని.

సరే, బట్టలు సర్దారు, అయినా కొట్టుకుంటోంది. ఉయ్యాల బాగానే ఉంది, మరి దాన్ని కట్టిన దూలం కదిలితే? ఇక్కడ దూలం అంటే మెషిన్ బాడీ. మనం మెషిన్ పెట్టేది బాల్కనీలోనో బాత్రూంలోనో, ఆ ఫ్లోరు నీళ్ళు పోవడానికి వాలుగా వేస్తారు. పైన ఎదురెదురు మూలల మీద చేతులు పెట్టి మార్చి మార్చి నొక్కండి, టకటకలాడితే కాలు ఒకటి నేలకి ఆనలేదు. ఆ కాలు తిప్పి ఆనించి, దాని లాక్ నట్ పైకి బిగించండి, నట్ వదిలేస్తే పది రోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది. ఇక చక్రాల స్టాండు మీద పెట్టారా, అది తీసేయమనే చెప్తాను, తుడుచుకోవడానికి వీలుగా ఉంటుందని కొంటారు గానీ సగం గోల దాని వల్లే.

[టబ్‌ని ఒక మూల కిందకి అదిమి వదులుతూ]

ఇప్పుడు గొలుసులు, అంటే రాడ్లు. కరెంటు ప్లగ్ తీసేసి, ఖాళీ టబ్‌ని ఇలా ఒక్కో మూల అదిమి వదలండి. పైకొచ్చి టక్కున ఆగాలి. మామూలు ఉయ్యాలకి ఊగడమే పని, ఈ ఉయ్యాలకి ఆగడం పని, ఆపేది ఆ కింది కప్పే. వదిలాక రెండు మూడు సార్లు పైకీ కిందకీ ఊగిందంటే కప్పు పట్టు పోయింది. టబ్ చుట్టూ సందు కూడా చూడండి, ఒక పక్క వేలు పట్టి ఇంకో పక్క పట్టకపోతే ఆ మూల రాడ్ దిగిపోయింది. మార్చేటప్పుడు నాలుగూ కలిపి మార్చండి, మూడు పాత గొలుసులు ఒక కొత్త గొలుసు వేస్తే బల్ల సమానంగా ఉండదు కదా. ముందువీ వెనకవీ వేరుగా ఉండే మోడల్స్ ఉన్నాయి, అందుకని పాత సెట్టు షాపుకి పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి చూసి తీసుకోండి. కప్పులో నూనె మాత్రం పోయొద్దు, పట్టు ఇంకా పోతుంది.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. ఉతికేటప్పుడు కటకట అంటే అడుగున తిరిగే ప్లేటు, పల్సేటర్, దాని కింద చిల్లరో పిన్నీసో ఉంటుంది, మధ్య స్క్రూ విప్పి ప్లేటు పైకి లాగితే కనిపిస్తుంది. స్పిన్ మొదలవగానే కీచుమంటే బెల్టు, మెషిన్ కింద నల్లటి పొడి రాలి ఉంటుంది. నీళ్ళు పోయేటప్పుడు గరగర అంటే డ్రైన్ పంపులో ఏదో ఇరుక్కుంది, పంపు ఉన్న మోడల్ అయితే.

ఇక బేరింగ్. బట్టలు, నీళ్ళు ఏమీ లేకుండా ఉత్త స్పిన్ పెట్టండి. స్పీడు పెరిగే కొద్దీ రొద పెరిగితే, ప్లగ్ తీసి డ్రమ్ము చేత్తో తిప్పినా గరగరమంటూ తగిలితే, కింద తుప్పు నీళ్ళ మరకలు ఉంటే, అప్పుడు బేరింగ్ అనండి, ఒప్పుకుంటా. అది ఇంట్లో చేసుకునే పని కాదు, మెకానిక్‌నే పిలవండి, కాకపోతే ఆయిల్ సీల్ కూడా మార్పించండి, నీళ్ళు దిగి బేరింగ్ తుప్పు పట్టేది ఆ సీల్ పోయినందువల్లే. పాత బేరింగ్ మీ చేతికిమ్మని అడిగి, వేలితో తిప్పి చూడండి, సాఫీగా తిరిగిందంటే ఆ సౌండ్ దానిది కాదు.