టేపు పెట్టి కొలిచి చేయించుకున్న అటికె

నమస్తే అండీ. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ అటికె, అదే మట్టి వంట కుండ, చూడండి. మూతి వెడల్పు 9 అంగుళాలు. నేను చెప్పింది మాత్రం 10. కుమ్మరి తాత తప్పు చేశాడా అంటే, లేదు. తప్పంతా నాది.

ఇంట్లో మంచి స్టీలు మూత ఒకటి ఉంది. దానికి సరిపోయే మట్టి అటికె కావాలని వెళ్లాను. తాత సారె (కుమ్మరి చక్రం) మీద మూతి తీస్తుంటే టేపు పెట్టి కొలిచి, "సరిపోయింది తాతా, ఇట్లనే ఉంచు" అన్నాను. కొలిచింది పచ్చి మట్టిని! ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత మట్టి ముడుచుకుంటుంది. మట్టిని బట్టి నూటికి పది వంతుల దాకా పోతుంది. ఇంటికొచ్చి మూత పెడితే లోపల కూర్చోదే! పైన గొడుగులా నిలబడింది. మళ్లీ వెళ్లి చెప్తే తాత ఒకటే నవ్వు. "నువ్వు టేపు వెట్టంగ చెప్తనే ఉన్న బిడ్డా, నువ్వు ఇంటేనా?"

కస్టమ్ ఆర్డర్ అనే మాట కొత్తది గానీ, పని పాతదే. తెలంగాణలో పెళ్లి కుదిరితే కుమ్మరి ఇంటికి పోయి ఐరేని కుండలు, అంటే పెళ్లి తంతులో పెట్టే కుండలు, చెప్పి రావడం ఇప్పటికీ ఉంది. అక్కడ టేపు ఎవరూ తీయరు. అటికె కూడా అలాగే చెప్పండి: ఎంతమందికి వండుతారు, ఏ పొయ్యి మీద పెడతారు. మూత కావాలంటే దాన్నీ ఆ మట్టితోనే చేయించండి. రెండూ కలిసి ముడుచుకుంటాయి.

పొయ్యి అన్నాను కదా, గ్యాస్ మీద నిలబడాలని చాలామంది బల్లపరుపు అడుగు అడుగుతారు. నేనైతే వద్దంటాను. గుండ్రటి అడుగు మీద మంట వేడి సాఫీగా పాకుతుంది, మూల ఉన్నచోట పగులు పడుతుంది. కింద పెట్టుకోవడానికి ఇనుప రింగు కొనుక్కోండి, అయిపోతుంది. ఇండక్షన్ స్టవ్ వాళ్లు మాత్రం ఆశ వదులుకోండి, దాని మీద మట్టి వేడెక్కదు.

ఆ గుండ్రటి అడుగు సారె మీద రాదు. కాస్త ఆరాక తాత కుండను ఒళ్లో పెట్టుకుని, లోపల నున్నటి రాయి ఆనించి, బయట చెక్కతో టపటపా కొడుతూ అడుగు మూస్తాడు. నేను గంటసేపు కూర్చుని చూశాను. దెబ్బ దెబ్బకీ కుండను కొంచెం తిప్పుతాడు, కళ్లు మాత్రం నా మీదే, మాట్లాడుతూనే ఉంటాడు. ఇంత కష్టం పగలడానికి మాత్రం ఒక్క దెబ్బ చాలు. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు" అని ఊరికే అనలేదు.

ఇక ఆవం, అంటే కుండలు కాల్చే బట్టీ. కుండలు పేర్చి, మధ్యమధ్య కట్టెలు, పిడకలు పెట్టి, పైన గడ్డి, మట్టి కప్పుతారు. మంట మొదట్లో చాలా నిదానంగా పెట్టాలి. లోపల తడి మిగిలితే ఆవిరై కుండను పగలగొడుతుంది. అందుకే వర్షాకాలంలో తొందరపెట్టకండి. దీపావళి ముందు కూడా వెళ్లకండి, ప్రమిదల పనిలో ఉంటారు. నాలుగు కావాలంటే ఐదు చెప్పండి, ఆవంలో ఒకటి పోవచ్చు.

ఒకే రంగులో కావాలని పట్టుబట్టకండి. గాలి తగిలిన చోట మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, పొగ కమ్మిన చోట నల్లబడుతుంది. ఈ అటికెకు ఒక పక్క నల్ల మచ్చ చూశారా? అది నాకు భలే ఇష్టం.

పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ లాంటి చోట్ల చేసే స్టోన్‌వేర్ వేరే సంగతి. దాన్ని 1200 డిగ్రీలు దాటించి కాలుస్తారు. కట్టెల కొలిమిలో అయితే బూడిద ఎగిరి కుండ మీద పడి, కరిగి గాజులా మెరుస్తుంది. కప్పులకు, పళ్లేలకు అద్భుతం. కానీ దాన్ని తెచ్చి గ్యాస్ మంట మీద పెట్టకండి. నీళ్లు చల్లబడాలన్నా అది పనికిరాదు. మన ఆవం కుండకు సన్న రంధ్రాలు ఉంటాయి కాబట్టే రంజన్‌లో (మంచినీళ్ల కుండలో) నీళ్లు చల్లగా ఉంటాయి.

తెచ్చుకునే ముందు పగులు ఉందేమో వేలు మడిచి కొట్టి చూడండి. వినండి... ఖంగుమంది కదా? ఇప్పుడు కొట్టింది రెండోదాన్ని, మూతతో సహా చేయించాను. ఆ మొదటి దాంట్లో ఉల్లిగడ్డలు పోసుకున్నా.